ఉతకని గుడ్డ

3, సోమవారం

ఇన్‌స్పెక్షన్ మేడమ్ వచ్చి వెళ్లింది. మా పిల్లల కేంద్రంలో సందు వైపున్న చిన్న గది తలుపు తీసి, ఖాళీ మంచాలు చూసి, "మూడేళ్ల లోపు పిల్లలు ఒక్కరూ లేనప్పుడు మీకీ గది ఎందుకండీ? నెలాఖరుకి నిండకపోతే స్టోర్ రూమ్ చేసేద్దాం" అంది. స్టోర్ రూమట. అందులో దాచుకోవడానికి మా దగ్గర ఒక కాలు విరిగిన చెక్కగుర్రం తప్ప ఏముంది గనక.

"సందులో పసిపిల్లలకేం కొదవ లేదు మేడమ్, రావడం లేదంతే" అన్నాను.

"వాళ్లు పంపరండీ. వాళ్లకి అలవాటు లేదు" అంది. వాళ్లు అంటే సందు చివర పెద్ద లాండ్రీలో పనిచేసేవాళ్లు. ఎక్కడినుంచో వచ్చి, వాళ్లలో వాళ్లు వాళ్ల భాషే మాట్లాడుకుంటూ, ఎవరితోనూ కళ్లు కలపకుండా గోడవారగా నడిచిపోతుంటారు. మేడమ్ మాటకి నేనూ తలూపాను. ఊపకుండా ఉండాల్సింది.

గది మూసేస్తే నాకేం? పెద్ద పిల్లల గదిలోనే నాకు ఊపిరాడదు. ఇంకా హాయి.

మా ఆయన దూరపు ఊరి బస్సు తీసుకుని డ్యూటీకి వెళ్లారు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు నేను మంచానికి ఆయన వైపే పడుకుంటాను, ఆయన తలగడ మీదే. ఫ్యాన్ గాలి అటు బాగా తగులుతుంది.

5, బుధవారం

చిన్న గది గురించి ఆలోచించడం మానేశాను. ఆ గోడలకి లేతపసుపు రంగు ఏరి వేయించింది నేనే అన్నది వేరే సంగతి.

6, గురువారం

మధ్యాహ్నం గేటు దగ్గర ఒకామె పసిపిల్లని ఎత్తుకుని నిలబడింది. లోపలికి రాదు, వెళ్లిపోదు. చివరికి నేనే వెళ్లాను. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుందట. మన మాట బాగానే వచ్చు, కాకపోతే ఒక్కో మాట వెతుక్కుని పలుకుతుంది. నిన్న పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు దాకా వెళ్లిందట. పక్కన పనిచేసే ఆమె పట్టి లాగకపోతే చెయ్యి కాలిపోయేదే. "పిల్లతో వస్తే ఇక రావద్దు" అన్నాడట యజమాని.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరు టీచరమ్మా. పిల్ల తండ్రికి వేరే ఊళ్లో పని. నేను, ఇది."

"మరి ఇన్నాళ్లూ ఇక్కడికి తీసుకురాలేదేం? నాలుగడుగుల దూరం కదా!" నా గొంతు కొంచెం పెద్దదే. మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టు ఉంటుందని ఆయన అంటుంటారు.

"మీరు తొమ్మిదికి తలుపు తీస్తారు. మా మెషిన్లు ఆరింటికి మొదలవుతాయి. ఆ మూడు గంటలూ పిల్లని జేబులో పెట్టుకోనా?" అంది. అని, అన్నందుకు తనే భయపడింది.

నాకు నవ్వొచ్చింది. ఆ తరవాత నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఈ లెక్క నాకెందుకు తట్టలేదు?

ప్రస్తుతానికి పక్కింటి ముసలమ్మ తొమ్మిది దాకా చూసి దింపుతానందట. ఆవిడకి చూపు అంతంత మాత్రం. ఎన్నాళ్లు సాగుతుందో తెలియదు. సరే, రేపటినుంచి పంపమన్నాను.

పిల్లకి రెండేళ్లుంటాయేమో. తల్లి తలకు కట్టుకునే గుడ్డ ఒకటి పిడికిట్లో బిగించి పట్టుకుంది. మా ఆయమ్మ ముద్దుగా వేళ్లు విప్పబోతే కరిచినంత పని చేసింది. "దీని పేరు ఇకనించి పిడికిలే" అంది ఆయమ్మ. పెట్టేసింది కూడా.

7, శుక్రవారం

పిడికిలి వచ్చింది. ఏడవలేదు, నవ్వలేదు, ఓ మూల కూర్చుని అందరినీ పోలీసులా గమనించింది. మధ్యాహ్నం ఆ గుడ్డ మొహానికి ఆనించుకుని ఇట్టే నిద్రపోయింది. ఆ గుడ్డ అసలు రంగేమిటో చెప్పడం కష్టం. చెమట, ఆవిరి, ఇంకా ఏమేమిటో కలిసిన వాసన. మా ఆయమ్మ ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి.

ఆయమ్మకి శుభ్రం పిచ్చి. మా బొమ్మ ఏనుగుకి తొండం లేకపోవడానికి కారణం ఆవిడే, ఉతికి ఉతికి ఊడగొట్టింది.

గేటు బయట మరో ఇద్దరు లాండ్రీ ఆడవాళ్లు నిలబడి చూశారు. చంకల్లో పిల్లలున్నారు. నేను చెయ్యి ఊపితే, వాళ్లు ఊపలేదు గానీ వెళ్లిపోనూ లేదు. మంచిదే.

10, సోమవారం

ఈ రోజు నాకు నేనే నచ్చాను. పిల్ల ఆడుకుంటుండగా ఆ గుడ్డ తీసి ఆయమ్మతో ఉతికించాను. మూడు నీళ్లు నలుపు దిగిందట. ఆరాక తీరా చూద్దుము కదా, తెల్లటి గుడ్డ, అంచున సన్నటి నీలం గీత! నేనే స్వయంగా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, మంచి కాగితంలో చుట్టి సాయంత్రం తల్లి చేతికిచ్చాను. మీ పిల్ల మాకు బరువు కాదు, మా పిల్లే అని ఇంతకంటే బాగా ఎలా చెప్తారు?

ఆమె కాగితం విప్పి చూసింది. మళ్లీ అలాగే చుట్టేసింది. థాంక్స్ అయినా లేదు. వాళ్ల తీరే అంతేమో.

11, మంగళవారం

పిడికిలి మధ్యాహ్నమంతా ఏడుస్తూనే ఉంది. గుడ్డ ఇస్తే విసిరికొట్టింది. మళ్లీ తెచ్చి ఇస్తే మళ్లీ విసిరికొట్టింది. పళ్లేమైనా వస్తున్నాయేమో.

12, బుధవారం

ఈ రోజూ అంతే. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. విసిరిన గుడ్డ నేల మీద పడి మట్టి అయిందని ఆయమ్మ మళ్లీ ఉతికింది. ఈసారి తన సొంత వాసన సబ్బుతో. "కమ్మటి వాసనొస్తే నిద్ర పట్టేస్తుంది టీచరమ్మా, చూడండి" అంది. పట్టలేదు.

సాయంత్రం తల్లి పిల్లని ఎత్తుకుని, ఆ గుడ్డని నా బల్ల మీద పెట్టేసి వెళ్లింది. మరిచిపోయిందనుకున్నాను.

13, గురువారం

పిడికిలి రాలేదు.

14, శుక్రవారం

ఈ రోజూ రాలేదు. గేటు దగ్గర నిలబడే ఆ ఇద్దరూ నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తక్కువ చేశాను? పాలు ఇచ్చాను, అరటిపండు నలిపి తినిపించాను, ఆ గుడ్డ కూడా ఇస్త్రీ చేసి పంపాను. పైగా ఇదీ మర్యాద. మేడమ్ చెప్పిందే నిజం, వాళ్లకి అలవాటు లేదు. ఉంచుకోనీ వాళ్ల పిల్లల్ని వాళ్ల దగ్గరే. గది స్టోర్ రూమే చేసుకోండి, నేనే వచ్చి విరిగిన గుర్రాన్ని అందులో పెడతాను.

సాయంత్రం మా వాచ్‌మన్ చెప్పాడు. పిడికిలిని తల్లి దుప్పట్లు తోసే బండిలో, దుప్పట్ల కింద దాచి లాండ్రీకి తీసుకెళ్తోందట. యజమాని కంట పడకుండా.

దుప్పట్ల కింద. ఆ రోలరు పక్కనే.

ఈ రోజు ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

16, ఆదివారం

ఆయన నిన్న మళ్లీ డ్యూటీకి వెళ్లారు. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామని పడుకున్నాను. అటు తిరిగాను, ఇటు తిరిగాను. కన్ను అంటుకోదు. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. గాలి బాగానే తగులుతోంది. ఏదో చికాకు. చివరికి తలగడ వాసన చూశాను. సబ్బు. ఒట్టి సబ్బు.

లేచి వెళ్లి మా అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "నాన్న తలగడ గలీబు ఎవరు ఉతకమన్నారే నిన్ను?"

పాపం, సెలవురోజు కదా అని ఇంట్లో గలీబులన్నీ ఉతికి ఆరేసిందట. "ఉతకలేదని తిట్టే అమ్మలుంటారు. ఉతికానని తిట్టే అమ్మని నిన్నే చూస్తున్నా" అంది.

ఏదో అనబోయాను. అక్కడే వంటింటి గడప మీద కూలబడ్డాను. "ఏమైందమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అని అది నీళ్లు తెచ్చింది.

పెద్దదాన్ని, పెళ్లీడు కూతురున్నదాన్ని, నాకే నిద్ర పట్టలేదు. అది రెండేళ్ల పిల్ల. ఊరు కొత్త, మాట కొత్త, మనుషులు కొత్త. వాళ్లమ్మ ఆ ఒక్క గుడ్డలో ఉంది. మూడు నీళ్లు పోసి వాళ్లమ్మని నలుపు దిగేదాకా ఉతికించాను. ఉతికించి, నాకు నేనే నచ్చాను.

17, సోమవారం

లాండ్రీకి వెళ్లాను. బల్ల మీదున్న ఆ గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లాను.

ఇన్నేళ్లుగా ఆ సందులోనే ఉన్నాను, లోపలికి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆవిరికి ముందు ఏమీ కనబడలేదు. తరవాత ఎటు చూసినా తెలుపే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, గుట్టలు గుట్టలు. ఒకరు నానబెడుతున్నారు, ఒకరు పిండుతున్నారు, ఒకరు జాడిస్తున్నారు. యజమాని టీకి వెళ్లిన వేళ చూసుకుని పిడికిలి తల్లి నన్ను ఓ మూలకి తీసుకెళ్లింది. అక్కడ బండిలో దుప్పట్ల మధ్య పిల్ల. నిద్రపోతోంది. చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, ఆ వేడికి. చేతిలో మరో గుడ్డ ఉంది.

ఏం మాట్లాడాలో ఇంటిదగ్గర సిద్ధం చేసుకునే వచ్చాను. అన్నీ మరిచిపోయి, "నా వల్ల తప్పు జరిగిపోయిందమ్మా" అన్నాను.

ఆమె పిల్ల మీది దుప్పటి కాస్త పక్కకి తప్పించింది. తరవాత మెల్లిగా అంది: "ఊరందరి గుడ్డలూ మేం ఉతుకుతాం టీచరమ్మా. రక్తాలు, వాంతులు, అన్నీ. ఎవరినీ మురికివాళ్లని అనం. మీరు మా గుడ్డ ఒక్కటి చూసి, ఉతికి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి పంపారు. మీరు మురికిగా ఉన్నారని చెప్పడానికి ఇంత ఖరీదైన కాగితం ఎందుకు, నోటితో చెప్పొచ్చు కదా అనుకున్నా."

పిల్ల ఏడవడం ఒక్కటే నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు.

"అయ్యో, కాదమ్మా! ముద్దుకొద్దీ ఉతికించానమ్మా! నా బుద్ధి మండ, నాకు తట్టలేదు" అన్నాను. తలగడ గొడవ మొత్తం చెప్పేశాను. ఆయన లేనప్పుడు ఆయన వైపు పడుకోవడం, అమ్మాయి మీద అరవడం, అన్నీ. ఎందుకు చెప్పానో తెలియదు. ఇంట్లోవాళ్లకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. పక్కన దుప్పట్లు మడతపెడుతున్న పెద్దామె అది విని వాళ్ల భాషలో మిగతావాళ్లకి చెప్పినట్టుంది, ఆ వైపంతా గొల్లున నవ్వులు. నాకు సిగ్గుతో చావాలనిపించింది. పిడికిలి తల్లి కూడా నవ్వింది. మొదటిసారి చూశాను ఆమె నవ్వడం. ముందు పన్ను కాస్త విరిగి ఉంటుంది.

సంచిలోంచి గుడ్డ తీసి ఇచ్చాను. ఆమె దాన్ని వాసన చూసి ముక్కు చిట్లించింది. "మీ ఆయమ్మ సబ్బు మహా ఘాటు" అంది. అని, తలకున్న గుడ్డ మీదే దీన్నీ కట్టుకుంది, రెండూ కలిపి. "ఇది మళ్లీ నాలా అవ్వాలంటే మూడు రోజులు పడుతుంది. గురువారం పంపిస్తా" అంది.

వెనక్కి తిరిగాను. అప్పుడు మళ్లీ పిలిచింది. "పంపిస్తా గానీ, ముసలమ్మ ఇక చూడనంది. మీ తొమ్మిది, మా ఆరు. దానికేం చేస్తారు?"

18, మంగళవారం

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఎనిమిదికి ముందు తెరవడానికి రూల్ ఒప్పుకోదంది. తొమ్మిదిని ఎనిమిది చేస్తే ఏం లాభం? అక్కడ మెషిన్లు ఆగవు.

ఆయన వచ్చారు. భోజనాల దగ్గర సంగతంతా చెప్పాను, తలగడ సంగతి తప్ప. విని, "ఇరవై ఏళ్లుగా చీకటితో లేచి బస్సు తీస్తున్నాను. నువ్వు ఒక తలుపు తీయలేవా?" అన్నారు.

"రూల్ లేదండీ."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయారు. ఈ మనిషితో వాదించడం చాలా కష్టం, రెండు మాటల్లో ముగించేస్తారు.

19, బుధవారం

రేపటినుంచి ఆరింటికి ముందే తలుపు తీస్తానని, ఎందుకో కూడా ఆయమ్మకి చెప్పాను. గుడ్డ సంగతి వినగానే ఆవిడ మొహం చూడాలి. ఉతికినందుకు ఎవరికైనా బాధ కలుగుతుందన్నది ఆవిడ లోకంలోనే లేదు. కాసేపు బిక్కమొహం వేసుకుని కూర్చుని, "అయితే ఆ ఏనుగు కూడా అలాగే ఏడ్చిందంటారా?" అంది. ఆ తరవాత, పొద్దున్నే రావడానికి తన మోకాళ్లు ఒప్పుకోవని గట్టిగా చెప్పింది. సరే, నేనొక్కదాన్నే చూసుకుంటానన్నాను.

20, గురువారం

ఇంకా చీకటి ఉండగానే తాళం తీద్దామని వెళితే, గేటు దగ్గర నాకంటే ముందు ఆయమ్మ! మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని, చీపురు పట్టుకుని, మొహం మాడ్చుకుని నిలబడి ఉంది. "మోకాళ్లు రామన్నాయి, నేను వచ్చాను" అంది.

పిడికిలి తల్లి పిల్లని నా చేతికిచ్చింది. గుడ్డ పిల్ల పిడికిట్లో ఉంది. నేను కూడా వాసన చూశాను. ఆవిరి, చెమట, ఇంకేదో. ఆ ఇంకేదో ఆమే అనుకుంటా. పిల్లని భుజాన వేసుకుంటే నిద్రమత్తులో గుడ్డ మొహానికి ఆనించుకుని మళ్లీ నిద్రపోయింది. అలాగే మంచంలో వేశాను. మధ్యాహ్నం కూడా నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయమ్మ చూడకుండా ఏడ్చాను. ఆవిడ కూడా నేను చూడకుండా ఏడ్చిందని ఆవిడ ముక్కు చెప్పింది.

22, శనివారం

గేటు దగ్గరి ఆ ఇద్దరూ లోపలికొచ్చారు. పిల్లలతో, గుడ్డలతో. ప్రతి మంచం పక్కన గోడకి ఒక మేకు కొట్టించాను, పిల్లలు ఆడుకునేటప్పుడు గుడ్డ తగిలించడానికి. లేతపసుపు గోడ పాడవుతుందని ఒకప్పుడు క్యాలెండర్ కూడా తగిలించనివ్వలేదు నేను.

25, మంగళవారం

మరో ముగ్గురు. అందులో ఒకడు రాక్షసుడు, వచ్చిన రోజే పాల డబ్బా ఒలకబోశాడు.

వాళ్ల భాషలో "అమ్మ వస్తుంది" అనడం నేర్పించుకున్నాను. నా నోరు తిరగదు. పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు అంటే తల్లులందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్లలకి మాత్రం అర్థమైంది. ఏడుస్తున్నవాడు ఆగి, నా నోటివంకే చూశాడు.

28, శుక్రవారం

నవ్వాలో భయపడాలో ఇంకా తేలలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎవరో చెప్పినట్టున్నారు, తెల్లవారకముందే మేడమ్ దిగింది. మేం పిల్లల్ని దించుకునే వేళ. గేటు దగ్గర నిలబడి, "ఏం జరుగుతోందండీ ఇక్కడ?" అంది. ఎడమ చంకలో ఒకడు, కుడి చంకలో రాక్షసుడు. జారిపోతున్నవాణ్ని పైకి ఎగదోసుకుంటున్నాను.

అప్పుడే లాండ్రీ సైరన్ మోగింది. ఆలస్యమైపోయిన పిడికిలి తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. నా రెండు చేతులూ ఖాళీ లేవు. ఆయమ్మ లోపలుంది. గేటు దగ్గర ఖాళీ చేతులతో, శుభ్రమైన బట్టలతో ఒకామె నిలబడి ఉంది. కొత్త టీచర్ అనుకుంది కాబోలు, "అమ్మా, పట్టుకో, జాగ్రత్త, భుజం మీద పడుకోబెట్టు" అని పిల్లని మేడమ్ చేతుల్లో పెట్టి పరుగెత్తింది.

మేడమ్ కొయ్యబారిపోయింది. పిడికిలి ఒక కన్ను తెరిచి ఆమెని పరిశీలించింది. ఇప్పుడు ఇది ఏడిస్తే గదీ పోతుంది, పిల్ల మళ్లీ ఆ బండిలోకే పోతుంది. పిల్ల గుడ్డని మేడమ్ భుజానికీ తన చెంపకీ మధ్య సర్దుకుని, రెండో పిడికిట్లో మేడమ్ కాలరు బిగించి పట్టుకుని, నిద్రపోయింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది మేడమ్, గుసగుసగా.

"కూర్చోండి మేడమ్. లేపితే ఏడుస్తుంది."

చిన్న గదిలో పిల్లల కుర్చీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. చుట్టూ నిండిన మంచాలు చూసింది, మేకులు చూసింది, తగిలించిన గుడ్డలు చూసింది. ఒకటొకటే చెప్పాను. ఆరింటికి మెషిన్లు, వేడి రోలరు, దుప్పట్ల బండి. చివరికి, "అంతా బాగానే ఉంది గానీ, ఈ గుడ్డలు వాసనేస్తున్నాయి. ఒక్కసారి ఉతికించకూడదా?" అంది.

"వద్దు!" అంటూ తలుపు దగ్గర్నించి ఒంటికాలి మీద లేచింది ఆయమ్మ. మా ఆయమ్మ! ఏనుగు తొండం ఊడగొట్టిన మా ఆయమ్మ! "ఆ గుడ్డ జోలికి ఎవరొచ్చినా ఊరుకోను. మేడమ్ అయినా సరే."

మేడమ్ నవ్వలేదు. తన భుజం మీది గుడ్డ వైపు తల వంచి, మెల్లిగా ఊపిరి పీల్చింది. మా ఇద్దరికంటే త్వరగా అర్థమైంది ఆమెకి.

వెళ్లేటప్పుడు అంది: "పొద్దున తెరవడం గురించి వివరంగా రాసివ్వండి, పైకి పంపిస్తాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఒప్పుకునేదాకా ఈ వేళకి నేనిటు రాలేదు, ఏమీ చూడలేదు." గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "స్టోర్ రూమ్ అవసరమైతే మెట్ల కింద చూసుకోండి" అంది.

విరిగిన గుర్రాన్ని మెట్ల కింద పెట్టాం.

30, ఆదివారం

ఆయన సాయంత్రం మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారు. సెలవురోజు కదా, అమ్మాయి ఉతకడానికి గలీబులు పోగేస్తోంది. ఆయన గలీబు నేను వెనక్కి లాక్కున్నాను.

"ఎందుకమ్మా? మాసింది కదా" అంది. ఆయన పక్కనే కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు.

ఫ్యాన్ గాలి అని నాలుక చివర దాకా వచ్చింది.

"మీ నాన్న వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదే" అన్నాను.

ఆయన లేసు కట్టడం ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. రెండు మాటల్లో ముగించే మనిషికి ఆ రెండూ దొరకలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం, మెడలో ఉన్న తువ్వాలు తీసి నా తలగడ మీద పెట్టి వెళ్లారు.